అమ్మోరిని సాగనంపిన నేరం

మహమ్మారి వచ్చిన ఏడాది మలేసియా యావత్తూ ఇంట్లో కూర్చుందని పేపర్లు రాశాయి. మా ఇంట్లో మాత్రం ఎవరూ కూర్చోలేదు. ఇపోలో మాది వరసలో ఇరుక్కున్న టెర్రస్ ఇల్లు. ఒళ్ళు విరుచుకుంటే చేతులు రెండు గోడలకీ తగిలేంత హాలు. ఆ హాల్లో వీధి తలుపు నుంచి వంటింటి గడప దాకా, గడప నుంచి మళ్ళీ తలుపు దాకా పొద్దస్తమానం తిరిగేవాణ్ణి. ఆ తిరుగుడంతా విప్పి తిన్నగా పరిస్తే థాయిలాండ్ దాటి బర్మాలో ఎవరి పెరట్లోనో తేలేవాణ్ణి. నా నడకకి పలకలు అరిగి హాలు మధ్యలో కాలవ పడిందని నా అంచనా. మా ఆవిడ ఒప్పుకోదు.

మా ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో నర్సు. దేశంలో అందరినీ లోపల ఉండమని, ఆవిడని మాత్రం బయటికి రమ్మన్నారు. డ్యూటీ నుంచి వచ్చి, పెరట్లోనే బట్టలు మార్చుకుని, స్నానం చేసి, మాకు దూరంగా కుర్చీ వేసుకుని అన్నం తినేది. వార్డులో ఏం చూసిందో ఎప్పుడోగానీ చెప్పేది కాదు. ఆవిడ ఏమీ చెప్పని రోజున నాకు హాల్లో నడక మరీ ఎక్కువయ్యేది.

మూడో మనిషి మా మేనత్త. సుంగై సిపుట్‌లో ఒంటరిగా, మహారాణిలా ఉండేది. మమ్మల్ని చూసి పోదామని వచ్చి, రాకపోకలు బంద్ కావడంతో ఒక చేతిసంచీతో మా ఇంట్లో చిక్కుబడిపోయింది. ఎనభైకి దగ్గరపడిన మనిషి. ఎత్తు నా భుజం దాకా, గొంతు మాత్రం వీధి చివరి చైనావాడి నూడిల్స్ కొట్టు దాకా.

రూలు ఏమిటంటే, ఇంటికి ఒక్కరే బయటికి వెళ్ళాలి. అదీ సరుకులకో మందులకో. అదీ పది కిలోమీటర్ల లోపు. ఊరి చివర రోడ్డుకి అడ్డంగా ఎర్ర ప్లాస్టిక్ కోన్లు, వాటి వెనక పోలీసులు, వాళ్ళ వెనక తుపాకులతో సైనికులు. వైరస్‌ని కనబడగానే కాల్చేసేలా ఉండేది ఆ ఏర్పాటు.

మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు అప్పటికే రెండు ముక్కలైంది. ఒక ముక్క "ఇది మన హక్కుల గొంతు నొక్కడం" అనేది. రెండో ముక్క "బయట తిరిగేవాళ్ళని లోపలెయ్యాలి" అనేది. రెండు ముక్కల వాళ్ళూ ఇంట్లో లుంగీలతోనే ఉండి దేశాన్ని ఏలేవాళ్ళు. నేను పొద్దున ఒక ముక్కతో, సాయంత్రం ఇంకో ముక్కతో ఏకీభవించేవాణ్ణి.

మా అత్త బాధ ఈ రెండింటిలోనూ పడేది కాదు.

"ఊరు కట్టినారు, బాగుంది. సాగనంపడం ఎప్పుడు?" అని అడిగింది ఒక పొద్దున.

"ఎవరిని అత్తా?"

"ఏటి, ఎవరినా? అమ్మోరిని!"

అత్త చిన్నప్పుడు వాళ్ళ రబ్బరు ఎస్టేటులో ఏదో రోగం వచ్చింది. మశూచో, కలరాయో ఆవిడకి తెలియదు. పెద్దవాళ్ళు రోగం అనేవారు కాదు, అమ్మోరు వచ్చింది అనేవారు. విజయనగరం వైపు నుంచి ఓడలెక్కి వచ్చిన ఆ ముసలివాళ్ళు వెంటనే ఊరు కట్టేశారు. ఎస్టేటు కూలీల లైను ఇళ్ళకి నాలుగు పక్కలా వేప తోరణాలు కట్టి, లోపలివాళ్ళు బయటికి పోకుండా, బయటివాళ్ళు లోపలికి రాకుండా కాపలా పెట్టారు. రోగం తగ్గుముఖం పట్టాక ఒక పెద్దావిడ పసుపు నీళ్ళ చెంబు, వేపాకు, పెరుగన్నం ముద్ద పట్టుకుని పొలిమేర దాటి వెళ్ళి, అక్కడ పారబోసి, "సల్లగా ఎల్లిరా తల్లీ" అని దణ్ణం పెట్టి వెనక్కి వచ్చింది. ఆ పెద్దావిడ మా అత్తకి నాయనమ్మ. ఆ తరవాతే తోరణాలు విప్పారు.

"కట్టడం ఒకటే తెలుసు ఈళ్ళకి. సాగనంపకుండా కట్టేస్తే అమ్మోరు ఎటెల్లుద్ది? ఊర్లోనే కూకుంటది. కూకుంది, సూడు, టీవీలో సెప్తన్నారు."

"అత్తా, పొలిమేర దగ్గర పోలీసులున్నారు."

"ఉండాల. పొలిమేర అన్నాక కాపలా ఉండదేటి? ఎక్కడ నిలబడాలో ఆళ్ళకి బాగా తెలిసింది. కారు తీయ్ లా."

మలేసియాలో నాలుగు తరాలుగా ఉన్నవాళ్ళం. మాటకి చివర మలయ్ వాళ్ళ "లా" తగిలించాక ఇక బతిమాలడం ఉండదు, ఆజ్ఞ ఉంటుంది.

మా ఆవిడ డ్యూటీలో ఉన్న పూట చూసి బయల్దేరాం. ఒక కార్లో ఇద్దరు ఉండడమే తప్పు. పైగా వెనక సీట్లో అత్త, అత్త ఒళ్ళో చెంబు, చెంబులో పసుపు నీళ్ళు, మీద వేపాకు కొమ్మ. ఆ కొమ్మ సగం చెట్టంత ఉంది, అద్దంలోంచి వెనక రోడ్డు కనబడలేదు. ఎవరైనా ఆపితే అత్తకి క్లినిక్కులో మందులు తేవాలని చెబుదామన్నాను.

"అమ్మోరు ఒళ్ళో ఉంటే అబద్దమా? నోరు పడిపోద్దిరా నీకు."

"పడిపోతే మంచిదే అత్తా, మా ఆవిడ అడిగినప్పుడు జవాబు చెప్పక్కర్లేదు."

సుంగై సిపుట్ రోడ్డు మీద కోన్లు వచ్చాయి. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనిపిస్తున్న కుర్ర పోలీసు అద్దం దగ్గరికి వంగాడు. నన్ను చూశాడు, అత్తని చూశాడు, చెట్టుని చూశాడు. ఎటు వెళ్తున్నారని మలయ్‌లో అడిగాడు. అబద్ధం ఎలాగూ కుదరదు, నిజం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. నేను నోరు తెరిచే లోపు అత్త తలుపు తీసుకుని దిగిపోయింది.

మా అత్త మలయ్ ఎస్టేటు మలయ్. వ్యాకరణం ఉండదు, అధికారం ఉంటుంది. ఈ రోగాన్ని బయటికి పంపించాలి, అక్కడ పోసి వస్తాను, నువ్వు ఇక్కడే ఉండు అని చెప్పింది. అతను "తా బొలే, ఆంటీ, తా బొలే" అన్నాడు. అంటే కుదరదని. నిన్ను అడగలేదు, చెబుతున్నాను అంది అత్త. ఆ కుర్రాడు వెనక్కి చూశాడు. సైనికులు ఆకాశం వైపు చూస్తున్నారు. తుపాకీ చెయ్యలేని పని పసుపు చెంబు చేసింది. అతను వంగి, ఒక కోను పక్కకి జరిపి, "త్వరగా, త్వరగా" అన్నాడు.

అత్త కోన్ల మధ్యలోంచి నడిచి, అవతల రోడ్డు పక్క గడ్డిలో నీళ్ళు పోసి, అన్నం ముద్ద పెట్టి, దణ్ణం పెట్టింది. వెనక్కి తిరిగి కోన్ల ఇవతలికి వచ్చేసింది. అంతా ఒక సిగరెట్టు కాలేంత సేపు. అంతసేపూ నా గుండె కొట్టుకున్న చప్పుడుకి స్టీరింగ్ అదిరిందంటే మీరు నమ్మాలి.

సరిగ్గా అప్పుడే వాళ్ళ పై అధికారి జీపు వచ్చింది. ఆయన జరిగి ఉన్న కోను చూశాడు, గడ్డిలో పచ్చటి మడుగు చూశాడు. పచ్చనోటు అడిగే రకం కాదు, చాలా మర్యాదస్తుడు. అనుమతి లేకుండా హద్దు దాటినందుకు అత్తకి, దాటించినందుకు నాకు, మర్యాదగా చెరొక కంపౌండ్ చీటీ రాసిచ్చాడు. కంపౌండ్ అంటే మా దేశంలో జరిమానా. కట్టేస్తే తప్పు ఒప్పుకున్నట్టు, కథ ముగిసినట్టు. కట్టకపోతే కోర్టు.

ఆ సాయంత్రం మా ఆవిడ పెరటి గుమ్మంలోనే నిలబడి అంతా విన్నది.

"ఏటి సేసినారు మీరు? ముసలామెని, ఈ వయసులో, పోలీసు చెక్ దగ్గరికా? అక్కడ రోజుకి ఎంతమంది కార్లలోంచి తుమ్ముతారో తెలుసా?"

"అత్త మాస్కు పెట్టుకుందే..."

"అత్తని అనడం లేదు. మిమ్మల్ని అంటన్నాను. వార్డులో మనుషులు ఊపిరి అందక సూస్తా ఉంటారు నా కేసి. ఈళ్ళందరూ 'ఒక్కసారే కదా' అని ఎవరో ఒకరు బయటికెల్లడం వల్లే వచ్చినారు."

అత్త వంటింట్లోంచి అంది: "కోడలా, నీ మాట నిజం. ఊరు కట్టాల్సిందే. నేను కాదన్నానా?"

"మరి ఎందుకెల్లినావు అత్తా?"

"కట్టింది తియ్యాలంటే ఒకరు ఎల్లాల కదే!"

మా ఆవిడ స్నానానికి వెళ్ళిపోయింది. నీళ్ళ చప్పుడు మామూలు కంటే చాలాసేపు వచ్చింది.

నేను నా కంపౌండ్ మర్నాడే కట్టేశాను. తొందరగా కడితే తగ్గింపు ఉంది. డిస్కౌంటు ఇస్తున్నారంటే మనవాళ్ళు తప్పుని కూడా కొనుక్కుంటారు. అత్తది కూడా కట్టేద్దామని ఫోన్ తీశాను. అత్త ఫోన్ లాక్కుంది.

"నాది కట్టకు."

"డబ్బు నాదే అత్తా."

"డబ్బు ఎవడిక్కావాల? కడితే ఏటవుద్ది? నేను కట్టు తెంపినట్టు అవుద్ది. మా ఎస్టేటులో కట్టు తెంపి పక్క ఊరికి సారాకి ఎల్లినాడు ఒకడు. బతికినన్నాళ్ళూ ఆడి ఇంట్లో ఎవరూ మంచినీళ్ళు తాగలేదు. నేను ఆడితో సమానమా? నేను తప్పు సెయ్యలేదని ఆ కోర్టోళ్ళ నోట సెప్పించు. తరవాత సచ్చిపోమంటే సచ్చిపోతాను."

అదీ విషయం. మా అత్తకి కావలసింది ఆ ఒక్క మాట. ఆ మాట కోసం మేము పట్టణంలో ఒక లాయరమ్మని పట్టుకున్నాం. తమిళావిడ. కాఫీ కొట్టు మీది గదిలో ఆఫీసు. లాక్‌డౌన్ కంపౌండ్ల మీద ఉచితంగా కేసులు వాదిస్తోందని విన్నాం. పేదవాళ్ళకొక శిక్ష, పెద్దవాళ్ళకొక క్షమాభిక్ష అని ఆవిడ కోపం. ఆ కోపం నిజమైంది, మాట్లాడుతుంటే టేబుల్ మీది ఫ్యాను తిరగడం మానేసి విన్నది. అత్తని తమిళంలో "పాటీ", అంటే అమ్మమ్మా, అని పిలిచి, కథంతా విని, కళ్ళు మెరిపించింది.

"పాటీ, ఇది మత స్వేచ్ఛ కేసు. ప్రభుత్వం ఇలా ఇష్టం వచ్చినట్టు మనుషుల్ని బంధించడానికి వీల్లేదని వాదిస్తాం. ఈ ఆర్డరే చెల్లదని అందాం."

అత్త నా వైపు తిరిగింది. "ఏటంటందిరా ఈ అమ్మాయి? ఊరు కట్టకూడదంటందా?"

"అదే అంటోంది అత్తా."

"వద్దని సెప్పు. కట్టాల్సిందే. కట్టకపోతే అందరూ సస్తారు."

లాయరమ్మ పెన్ను కింద పెట్టింది. ఆవిడ కెరీర్‌లో ప్రాసిక్యూషన్‌తో ఏకీభవించిన మొదటి క్లయింటు మా అత్తేనేమో. తేరుకుని ఇంకో దారి చెప్పింది. మ్యాపులో కొలిచి చూసిందట. ఆ కోన్లు పెట్టిన చోటు మా ఇంటికి పది కిలోమీటర్ల లోపే ఉంది. అంటే అత్త అసలు గీత దాటనే లేదు. తేలిగ్గా గెలుస్తాం.

అత్త ముఖం పసుపు నీళ్ళ రంగుకి వచ్చింది.

"దాటలేదా? అంటే ఊరి మధ్యలో పోసేసినానా?"

"పాటీ, అది మంచిదేగా, కేసు..."

"మంచిదేటి నీ తలకాయ! అమ్మోరిని తీసుకెల్లి ఊరి మధ్యలో దించేసి వచ్చినానా? కోడలు రోజూ ఎవరినో మోస్తా ఉంది అక్కడ... నా వల్లేనా?"

ఆ రోజంతా అత్త అన్నం తినలేదు. హాల్లో నా నడకకి తోడుగా తనూ నడిచింది. ఇద్దరం ఎదురెదురు బస్సుల్లా ఒకరినొకరు తప్పించుకుంటూ తిరిగాం. సాయంత్రానికి ఆగి తీర్పు చెప్పింది. "మ్యాపు ఎవడు సూసినాడు? కాపలావోడు నిలబడిన సోటే పొలిమేర. నేను దాటినాను. కోర్టులో అదే సెప్తాను. దాటినాను, తప్పు సెయ్యలేదు."

"రెండూ ఒకేసారి కుదరవు అత్తా."

"ఎందుకు కుదరవు? ప్రతి కట్టుకీ ఒక మనిషికి మినహాయింపు ఉంటదిరా. లేకపోతే సెంబు ఎవరు మోస్తారు?"

ఈ మాట ఫోన్లో లాయరమ్మకి చెప్పాను. "మళ్ళీ చెప్పండి, రాసుకుంటాను," అంది.

కోర్టుకి వెళ్ళడం అనుకున్నంత సులువు కాలేదు. లాక్‌డౌన్ మీద వేసిన కేసు లాక్‌డౌన్ వల్ల వాయిదా పడింది. తెరిచారు, మళ్ళీ మూశారు. మళ్ళీ తెరిచారు, గుమస్తాకి పాజిటివ్. ప్రతి వాయిదాకీ అత్త అదే ఆకుపచ్చ చీర ఇస్త్రీ చేయించుకునేది. ఆ చీర ఇస్త్రీకి కాగితంలా అయిపోయి, కూర్చుంటే చప్పుడు చేసేది. నాకు నిద్ర పోయింది. కేసు పోతే అత్త ఏమైపోతుందోనని ఒక పక్క, కేసు గెలిస్తే మా ఆవిడ ఏమంటుందోనని ఒక పక్క.

చివరికి ఒక పొద్దున మేజిస్ట్రేటు ముందు నిలబడ్డాం. మనిషికీ మనిషికీ మధ్య అద్దాలు, అందరి ముఖాలకీ గుడ్డలు, దొంగలెవరో దొరలెవరో తెలియకుండా ఉంది. నేరం చదివి, ఒప్పుకుంటారా అని అడిగారు.

అత్త తన ఎస్టేటు మలయ్‌లో గట్టిగా చెప్పింది: "దాటాను. తప్పు చెయ్యలేదు."

గుమస్తా ఏం రాయాలో తెలియక పైకి చూశాడు. లాయరమ్మ ఫైలుతో ముఖం కప్పుకుంది. ఒప్పుకోలేదని రాయమన్నాడు మేజిస్ట్రేటు.

ఆ కుర్ర పోలీసుని సాక్షిగా పిలిచారు. లాయరమ్మ మెల్లగా మొదలుపెట్టింది.

"కోన్లు పెట్టింది ఎవరు?"

"మేమే."

"పాటీ వెళ్ళిన దారిలో కోను జరిపింది ఎవరు?"

"నేను."

"జరిపి ఏమన్నారు?"

"త్వరగా అన్నాను."

కోర్టులో మాస్కుల వెనక నవ్వులు కదిలాయి. పోలీసు మనిషే స్వయంగా దారి ఇచ్చాక ఆవిడ అనుమతి లేకుండా దాటినట్టు ఎలా అవుతుందని లాయరమ్మ అడిగింది. మామూలు మనిషికి చట్టం అంటే ఎదురుగా యూనిఫారంలో నిలబడ్డవాడే అంది. ఎంత గట్టి ఆంక్షకైనా ఏదో ఒక కిటికీ ఉండాలనీ, మా క్లయింటు ఆంక్షని కాదనడం లేదనీ, ఆ కిటికీ తనదని మాత్రమే అంటోందనీ వివరించింది. అనుమతి కాగితం మీద ఉండాలని ప్రాసిక్యూటర్ లేచాడు. లేచి, పోలీసు వైపు చూసి, కూర్చుని, పక్కవాడితో గుసగుసలాడి, మళ్ళీ లేచి, కేసు ఉపసంహరించుకుంటున్నామన్నాడు.

నేను గాలి పీల్చాను. లాయరమ్మ అత్త చెవిలో చెప్పింది: వదిలేస్తున్నారు పాటీ, అయితే నిర్దోషి అని మాత్రం అనరు, కావాలనుకుంటే మళ్ళీ కేసు పెట్టవచ్చు.

"అంటే తప్పు సేసినానా, సెయ్యలేదా?"

"ఏదీ చెప్పరు."

అత్త బోనులోని కుర్చీలో చీర చప్పుడయ్యేలా కూర్చుంది. "అయితే నాకొద్దు. నడిపించమను."

లాయరమ్మ ఆ మాటనే మర్యాదగల భాషలోకి మార్చి, పూర్తిగా విడుదల చెయ్యాలని కోరింది. మళ్ళీ కేసు పెట్టే ఉద్దేశం ఉందా అని మేజిస్ట్రేటు ప్రాసిక్యూటర్‌ని అడిగాడు. ఆయన అత్తని ఒకసారి చూసి, లేదన్నాడు. ఆ చూపులో ఈ మనిషిని మళ్ళీ చూడకపోతే చాలన్న భక్తి ఉంది. అయితే ఈవిడ నిర్దోషి అన్నాడు మేజిస్ట్రేటు.

కార్లో అత్త రాజ్యం గెలిచినట్టు కూర్చుంది. కాస్త దూరం వచ్చాక అంది: "ఒరే, ఇద్దరం ఒకే కార్లో ఎల్లినాం. నేను తప్పు సెయ్యలేదని కోర్టు సెప్పింది. నువ్వు మాత్రం సేసినట్టు ఒప్పేసుకున్నావు."

"తగ్గింపు ఇచ్చారు అత్తా."

"ఇక మీ ఇంట్లో నీళ్ళు ఎలా తాగేదిరా నేను?" అని కడుపు పట్టుకుని నవ్వింది.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ డ్యూటీకి తయారై గుమ్మంలో ఉంది. అత్త గెలుపు విని నిజంగానే సంతోషించింది, దూరం నుంచే చేతులు జోడించింది. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ అడిగింది.

"ప్రతి కట్టుకీ ఒక మనిషికి మినహాయింపు అన్నావంట కదా అత్తా."

"అన్నాను. లాయరు రాసుకుంది కూడా."

"మంచి మాటే. మా వార్డులో ఉన్నోళ్ళందరూ ఆ ఒక్క మనిషీ తామే అనుకున్నారు. ఆ ఒక్కరూ ఎవరో తేల్చేది ఎవరు?"

అత్త నోరు తెరిచేలోగా మా ఆవిడ స్కూటర్ వీధి మలుపు తిరిగిపోయింది.

"మీ ఎస్టేటులో ఎవరు తేల్చారు అత్తా?" అని అడిగాను.

"ఉంది, జవాబు ఉంది. నేను సిన్నదాన్ని అప్పుడు. సెంబు మా నాయనమ్మ సేతికి ఎవరిచ్చినారో..." అంది. గెలిచిన ముఖం గడియలో కరిగిపోయింది. తరవాత నా ఫోన్ లాక్కుని, సుంగై సిపుట్‌లో ఉన్న పాత ఎస్టేటు స్నేహితురాలికి కొట్టింది. ఆవిడ చెవిటిది కాబట్టి ఆ సంభాషణ ఇపో ఊరంతా విన్నది. ఊర్లో అందరికన్నా ముసలి ముండమోపి వెళ్ళాలి, అది రివాజు అందట ఆవిడ. కాదు, మా నాయనమ్మకి మొగుడు ఉన్నాడప్పుడు అని అత్త అరిచింది. బటాంగ్ బెర్జుంటైలో ఇంకొకావిడకి కొట్టింది. చీట్లు వేశారని ఆవిడ. ఎవరూ చెప్పలేదు, ధైర్యం ఉన్నది తనే చెంబు ఎత్తుకుందని ఆవిడ పక్కనున్న మరిది.

నేను మళ్ళీ హాల్లో నడక మొదలుపెట్టాను. కోర్టు ముగించిన కేసు మా ఇంట్లో మళ్ళీ మొదటి నుంచి నడుస్తోంది. ఇంకో ఫోను. ఈసారి అత్త కళ్ళు ఎర్రబడ్డాయి.

"దొర సెప్పినాడంట! ఇంగిలీసు దొర సెప్తే మా నాయనమ్మ ఎల్లుద్దా? నీకు మతి పోయిందే!" అని పెట్టేసి, నా వైపు తిరిగి, "అప్పటోళ్ళు ఇంకెవరు బతికున్నార్రా?" అని అడిగింది.

నాకు తెలిసిన నంబర్లన్నీ ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాను.